వేలిముద్ర ఇవ్వని మా అమ్మ

గత నవంబరు 17, సోమవారం. ఉదయం తొమ్మిది గంటల ఇరవై నిమిషాలు. ఆకాశమంతా మబ్బు, గాలి ఈశాన్యం నుంచి, ఓ మోస్తరుగా. ముందు రాత్రి వాన పడింది. డాబా మీద నేను పెట్టుకున్న కొలజాడీ ముప్పై ఒక్క మిల్లీమీటర్లు చూపింది. బిట్రగుంటకు తూర్పున, రైలు కట్ట దాటాక వచ్చే మా పాత కాలనీలో, ఆ సమయానికి మా అమ్మ తన ఇంటి స్థలం హద్దురాయి పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చొని ఉంది. కుడి చెయ్యి ఎడమ చంకలో దాచుకొని ఉంది.

ఎదురుగా గ్రామ సర్వేయరు నిలబడి ఉన్నాడు. భూముల రీసర్వేలో ఆ రోజు మా కాలనీ వంతు. ఇంటి స్థలాలు ముప్పై ఒకటి. ప్రతి స్థలం దగ్గరా హక్కుదారు స్వయంగా నిలబడాలి, హద్దులు చూపాలి, సర్వేయరు చేతిలోని చిన్న యంత్రం మీద వేలు ఆనించాలి. అలా చేయనివారి స్థలం 'హక్కు నిర్ధారణ కాలేదు' అన్న శీర్షిక కిందికి పోతుంది. ఆ తరువాత అది ప్రభుత్వానిది కావడానికి పెద్ద సమయం పట్టదు.

అమ్మ స్థలం పన్నెండు సెంట్లు. ముందు రెండు గదుల ఇల్లు, వెనక ఓ వేపచెట్టు, చెట్టుకు అవతల మా నాన్న సమాధి. ఆయన 1998లో పోయారు. పక్కన ఒక మనిషి పట్టేంత చోటు అమ్మ తనకోసం ఉంచుకుంది. అక్కడ మొక్క కూడా వేయనివ్వదు.

"అవ్వా, ఒక్కసారి ఇట్టా ఆనించు. చలివేస్తే చెయ్యి రుద్దుకో," అన్నాడు సర్వేయరు.

"చలి లేదు నాయనా. వేలు ఇయ్యను."

"నొప్పి ఏమీ ఉండదవ్వా."

"నొప్పి నాకు తెలీదా? ఇయ్యనంటుండా."

ఆయన నావైపు చూశాడు. ఆమె వేలు ఇవ్వదని నేను ముందే చెప్పి ఉన్నాను, ఆయన నమ్మలేదు. ముసలివాళ్ళ పంతం పావుగంటకు కరుగుతుందన్నది ఆయన అనుభవం. అమ్మ ఈ పంతం పట్టి డెబ్భై తొమ్మిదేళ్ళయింది.

ఇక్కడ కొన్ని సంగతులు వరుసగా చెప్పాలి. నేను గణాంక శాఖలో 1975 నుంచి 2008 దాకా పనిచేశాను. అంకె లేని మాట రాయడం నాకు అలవాటు లేదు. కాబట్టి ఈ కథలో దేనికి ఆధారం ఉందో, ఏది కేవలం అమ్మ మాటో విడివిడిగా చెబుతాను.

మేము ఎరుకలవాళ్ళం. కొన్ని కులాలలో పుట్టిన ప్రతి మనిషీ పుట్టుకతోనే నేరస్తుడని చెప్పే చట్టం ఈ దేశంలో 1871లో వచ్చింది. 1911లో మా మద్రాసు వైపుకు విస్తరించింది. ఆ చట్టం కింద మావాళ్ళను సెటిల్‌మెంట్లలో ఉంచారు. బయటికి పోవాలంటే చీటీ. పొద్దునా సాయంత్రమూ హాజరు. వయసు వచ్చినవారి వేళ్ళకు సిరా పూసి ముద్రలు తీసుకునేవారు. మద్రాసు రాష్ట్రంలో 1947లోనూ, దేశమంతటా 1952 ఆగస్టు 31న అది రద్దయింది. ఇవన్నీ ఆధారం ఉన్న సంగతులు. అమ్మ అలాంటి ఒక సెటిల్‌మెంటులో పుట్టింది. సంవత్సరం 1931 అని అక్కడి చిట్టా చెబుతుంది. ఆ కాలంలో మా జిల్లాలో చాలామంది మోతుబరి ఆసాములకు కూడా పుట్టిన సంవత్సరం తెలియదు. మమ్మల్ని కాపలా కాసినవాళ్ళు మాకు చేసిన ఉపకారం అదొక్కటే.

మిగతాది అమ్మ మాట.

సాయంత్రం హాజరుకు మగవాళ్ళది ఒక వరుస, ఆడవాళ్ళది ఒక వరుస. పిలిచినప్పుడు 'ఉండా' అనాలి. అంతకు మించి మాట పెగలకూడదు. మా నాన్న ఆ వరుసలో ఉండేవారు. ఆయన పగలు రైలు కట్ట మీద మట్టి మోసేవారు. అమ్మ ఆడవాళ్ళ పాకలో తట్టలు అల్లేది. మట్టి మోసే తట్టలూ అవే. ఇద్దరికీ కలుసుకునే వీలు లేదు. ఆయన 'ఉండా' అనే తీరును బట్టి ఆ రోజు కడుపు నిండిందా, జ్వరం ఉందా, దెబ్బ తగిలిందా అన్నది తనకు తెలిసిపోయేదని అమ్మ అంటుంది. ఆ ఒక్క మాటతోనే ఆమె ఆయనను ఇష్టపడింది.

ఒకసారి ఆయన చీటీలో రాసిన హద్దు దాటి సముద్రపు ఒడ్డుదాకా పోయారు. మొగలిపువ్వు కోసం. తిరిగి వచ్చేసరికి హాజరు అయిపోయింది. పువ్వును నేలరాచి, ఆయనను కొట్టి, గదిలో పెట్టారు. పనికి తోలేవారు కానీ తిండి సగం చేశారు. అప్పుడు అమ్మ తట్టల అడుగును రెండు పొరలుగా అల్లడం మొదలుపెట్టింది. పొరల మధ్య తన వంతు సంగటిలో కొంత పలచగా ఒత్తి, ఆకులో చుట్టి పెట్టేది. ఆ తట్ట అంచుకు ఒక ఈనె అడ్డంగా వదిలేది. చూసేవాళ్ళకు అది అల్లిక తప్పు. నాన్నకు అది గుర్తు. పాక నుంచి కట్ట మీదికి పోయే తట్టలను కావలివాళ్ళు లెక్కపెట్టేవారే తప్ప అడుగులు చూసేవారు కాదు.

"ఆ తట్టలు బరువుగా ఉండాయని ఎవరూ అనలేదా?" అని చిన్నప్పుడు అడిగాను.

"మట్టి మోసేవాడికి ఖాళీ తట్ట బరువు ఎట్టా తెలుస్తాదిరా? ఎత్తేటప్పటికే నిండుంటాది," అంది.

1946లో పెళ్ళి. తేదీ అమ్మకు తెలియదు కాబట్టి వేయడం లేదు. సెటిల్‌మెంటులో పెళ్ళికి దొర అనుమతి కావాలి. అనుమతి కాగితం మీద ఇద్దరివీ పది వేళ్ళూ కావాలన్నారు. ఇచ్చారు. ఆ మధ్యాహ్నమే పెళ్ళి. నల్లపూసలు కట్టాక, ఆనవాయితీ ప్రకారం నాన్న అమ్మ చిటికెన వేలు పట్టుకున్నారు. పట్టుకున్న వేలూ, పట్టుకోబడ్డ వేలూ సిరాతో నల్లగా ఉన్నాయి. ఎంత తోమినా పోలేదట. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు చూపు తిప్పుకున్నారు. నాన్న మాత్రం ఆ వేలును అందరికీ కనిపించేలా పైకెత్తి, "దీన్ని ఇంకెవరికీ ఇయ్యబాకు," అన్నారు.

ఆమె ఇవ్వలేదు. చట్టం పోయాక నాన్న ఆమెకు సంతకం నేర్పారు. ఇంటి గోడ మీద బొగ్గుతో. మూడు అక్షరాలు. మొదటి అక్షరం కుదరడానికే ఒక వర్షాకాలం పట్టిందట. ఇంటి పట్టా మీద ఆమె సంతకమే ఉంది. ఆధార్ తీసుకోలేదు, వేళ్ళు అడుగుతారు కనుక. రేషను కార్డులో పేరు లేదు. వృద్ధాప్య పింఛను లేదు. ఓటరు కార్డు ఉంది, ప్రతి ఎన్నికలోనూ ఓటు వేస్తుంది. వేలి మీద చుక్క పెడతారు కదా అని ఒకసారి నేనే అడిగాను. "అది వాళ్ళు నాకు పెట్టేది. నేను వాళ్ళకు ఇచ్చేది కాదు," అంది.

సర్వేయరుకు ఇదంతా నేను ఐదు నిమిషాలలో చెప్పాను. ఆయన మంచి మనిషి. తల గోక్కుని ఆలోచించాడు.

"సార్, ఒక దారి ఉంది. తొంభై నాలుగేళ్ళ వేళ్ళు ఈ యంత్రానికి అసలు అందవు. గీతలు అరిగిపోయి ఉంటాయి. మూడుసార్లు పెట్టి మూడుసార్లూ రాకపోతే, ఆధార్ ఉన్నవాళ్ళకు కంటిపాప ఫొటో తీస్తాము; ఆధార్ లేనివాళ్ళకు అదే వేరే పేజీకి పోతాది. అక్కడ ఓటరు కార్డు, సంతకం, ఇద్దరు సాక్షులు చాలు. అవ్వ ఊరికే అట్టా తాకితే చాలు. ఎట్టాగూ ముద్ర రాదు."

ఇది న్యాయంగానే తోచింది. నేను అమ్మ దగ్గరికి వెళ్ళి చెప్పాను.

"రాదని తెలిసినాక ఎందుకు పెట్టాల?" అంది.

"రాలేదని యంత్రానికి తెలియాలి కదమ్మా."

"నేను చెప్తుండా గదా, ఇయ్యనని. దానికి చెప్పు."

పక్క స్థలం హక్కుదారుకు డెబ్భై ఏళ్ళు. అమ్మను పెద్దమ్మా అని పిలుస్తాడు. అప్పటికే తన వేలు ఆనించి, పచ్చ దీపం వెలిగించుకొని, గట్టు మీద బీడీ ముట్టించాడు.

"సర్వేయరన్నా, నా మోచెయ్యి పెట్టుకో. అది కూడా రాదు. పెద్దమ్మ లెక్కలో మూడుసార్లు కొట్టేసుకో," అన్నాడు.

"ఒరే, నీ మోచెయ్యి నా పేరున ఉండాలా?" అంది అమ్మ. "బతికుండంగానే?"

ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు. ఆమె పేరు మీద వేరొకరి చెయ్యి పడినా చిట్టాలో ఆమె వేలు పెట్టినట్టే ఉంటుంది. తప్పుడు నమోదును నేను ఒప్పుకోను. సర్వేయరు మరో పేజీ తెరిచి చూపించాడు; చేతులు లేనివారి కోసం అక్కడ ఒక గడి ఉంది. అది నొక్కితే యంత్రం వేలు అడగదు.

అమ్మ చంకలోంచి కుడి చెయ్యి తీసి, ఎడమ చెయ్యీ కలిపి, రెండూ చాపి చూపింది. "ఇవి ఏంది మరి?"

స్థలాన్ని నా పేరున రాయించడం గురించి కూడా ఆలోచించాము. రిజిస్ట్రారు ఆఫీసులో రాసిచ్చేవారు వేలిముద్ర వేయాలి. ఆ దారి కూడా మూసుకుంది. తహసీల్దారు మధ్యాహ్నం తనిఖీకి వస్తారనీ, ఆమె చెబితే తప్ప తను ఏమీ చేయలేననీ చెప్పి సర్వేయరు తక్కిన స్థలాలకు వెళ్ళాడు.

మా అమ్మాయి అప్పుడే వచ్చింది. నెల్లూరులో ఒక కాలేజీలో చరిత్ర చెబుతుంది, నలభై ఆరేళ్ళు. అవ్వ అంటే ప్రాణం. సంగతి విని కుర్చీ పక్కన నేల మీదే కూర్చుంది.

"అవ్వా, పోయిన వారం క్లాసులో యూదుల గురించి చెప్పినా. జర్మనీవాళ్ళు శిబిరాలలో పెట్టి చంపినారే, వాళ్ళ గురించి. ఆ శిబిరాలలో మొగుణ్ణి ఒక వైపు, పెళ్ళాన్ని ఒక వైపు పెట్టేవాళ్ళు. మధ్యలో ముళ్ళకంచె. అట్టాంటి చోట కూడా తన రొట్టెలో ముక్క మిగిల్చి ఇంకొకరికి పంపినవాళ్ళు ఉండారు. నీ తట్టలే గుర్తొచ్చినాయి నాకు. చెయ్యి మీద నంబరు పచ్చబొట్టు పొడిచేవాళ్ళు అవ్వా, అందరికీ."

"అందరికీ కాదు," అన్నాను. "నంబరు పొడిచింది ఆష్విట్జ్ శిబిరంలో. అక్కడ కూడా రాగానే చంపడానికి పంపినవారికి నంబరు లేదు."

"నాన్నా, ఇప్పుడు అది అవసరమా?"

అవసరమే. చంపబడిన యూదులు దాదాపు అరవై లక్షలు. మా సెటిల్‌మెంట్లలో మమ్మల్ని కట్టేశారు, కొట్టారు, పస్తులు పెట్టారు. జాతినే తుడిచిపెట్టాలని చంపే శిబిరాలకు రైలు పట్టాలు వేయలేదు. రెండింటినీ ఒకే తక్కెడలో వేస్తే వాళ్ళ చావు చిన్నదవుతుంది, మా బతుకు అబద్ధమవుతుంది. ఆ మాటే మా అమ్మాయికి చెప్పాను. ఆమె ఒప్పుకుంది. అమ్మ మాత్రం వేరే చోట ఆగింది.

"ఆ నంబర్లు, బయటికొచ్చినాక చెరుపుకున్నారా?"

"కొందరు తీయించుకున్నారు. కొందరు అట్నే ఉంచుకున్నారు, చూసేవాళ్ళు చూడాలని."

"ఇద్దరూ గట్టోళ్ళే," అంది అమ్మ. "పొడిపించుకునేటప్పుడు ఏమన్నారంట?"

"ఏమంటారవ్వా? బతకాలి గదా. అదే నేను చెప్పేది. బతకడానికి చెయ్యి చాపినారు. వాళ్ళది తప్పా? ఈ స్థలం కోసం నువ్వు ఒక్క వేలు ఆనిస్తే తప్పా?"

"తప్పని ఎవరన్నారు పాపా? నేను మాత్రం పెట్టలేదా, పది వేళ్ళూ? పెట్టకుంటే మీ తాతను నాకిచ్చేవాళ్ళు కాదు. పెట్టి తీసుకున్నా. ఇప్పుడు ఎవరిని ఇస్తారని పెట్టాల?"

మా అమ్మాయి వెనక్కి, వేపచెట్టు వైపు చూసింది. "ఇప్పుడూ తాతనే అవ్వా. ఆయన పక్కన చోటు పోతాది."

చినుకు మొదలైంది. పొరుగాయన గట్టు మీది నుంచి లేచి గొడుగు తెచ్చి ఆమె మీద పట్టాడు. అమ్మ తన చిటికెన వేలిని రెండో చేత్తో పట్టుకొని ఉంది.

"ఆయన ఇయ్యబాకు అన్నది ఇచ్చేసి, ఆయన పక్కన ఏ మొకం పెట్టుకుని పడుకునేది?" అంది. "చోటు పోతే పోనీ. యాడ పెట్టినా నేను ఇయ్యనిదాన్నిగానే ఉంటా."

నేను బ్యాగులోంచి తెల్లకాగితం తీసి, గొడుగు కింద, అమ్మ మోకాలి మీద పెట్టి రాశాను. ఐదు వాక్యాలు. ఆమె ఎవరో, ఎక్కడ ఎప్పుడు పుట్టిందో, ఆమె వేళ్ళ ముద్రలు ఏ చట్టం కింద ఎప్పుడు తీసుకున్నారో, ఆ చట్టం ఎప్పుడు వచ్చి ఎప్పుడు పోయిందో రాసి, చివరి వాక్యం ఇలా ముగించాను: 'చేతులు ఉండి, తెలివి ఉండి, యంత్రం పనిచేస్తూ ఉండి, వేలిముద్ర ఇవ్వడానికి నిరాకరిస్తున్నాను.' 'నిరాకరిస్తున్నాను' అన్న మాటకు అర్థం ఏమిటని అమ్మ అడిగింది. చెప్పాను. అది రెండుసార్లు రాయమంది. ఒకసారి చాలన్నాను.

తహసీల్దారు రెండుంపావుకు వచ్చారు. యాభై లోపు మనిషి. చీర అంచు బురదలో పడకుండా ఎత్తి పట్టుకొని, సర్వేయరు చెప్పింది విని, నేరుగా అమ్మ దగ్గరికే వెళ్ళారు.

"ఏమవ్వా, ఎందుకు వద్దంటున్నావు?"

"నేను దొంగను కాదమ్మా."

"దొంగవని ఎవరన్నారు?"

"మీ కాగితం అనింది. నేను పుట్టకముందే."

తహసీల్దారు నా కాగితం చదివారు. రెండోసారి చదివేటప్పుడు 1871 దగ్గర వేలు పెట్టి ఆగారు. "యంత్రంలో నిరాకరణ అని గడి లేదు మాస్టారూ," అన్నారు. నేను మాస్టారును కానని చెప్పాను. "ఏదైనా కానీండి. ఇది నేను కాగితం మీద పైకి పంపాలి. వాళ్ళు వెనక్కి కొట్టొచ్చు. అప్పుడు నేను చేయగలిగేది లేదు. అవ్వకు తెలుసా?"

"తెలుసు," అంది అమ్మ. "పంపించు తల్లీ."

ఒక అట్ట తెచ్చి ఒళ్ళో పెట్టారు. అమ్మ పెన్ను తీసుకుంది. మొదటి అక్షరం తలకట్టు దగ్గర గీత పక్కకు పోయింది. ఆపి, మళ్ళీ దిద్దింది. అందరూ నిలబడి ఉన్నారు. పొరుగాయన సాక్షి సంతకం కోసం వంతు ఎదురుచూస్తూ, "పెద్దమ్మా, నువ్వు మూడో అక్షరానికి వచ్చేలోగా రీసర్వే మూడోసారి వస్తాది," అన్నాడు.

"అప్పుడూ ఇదే పెడతాలే," అంది ఆమె తల ఎత్తకుండా.

రెండో సాక్షిగా మా అమ్మాయి సంతకం చేసింది. కొడుకును కాబట్టి నేను చేయలేదు. కాగితాలు సర్దుకుంటున్న సర్వేయరు దగ్గరికి పొరుగాయన వెళ్ళి, గొంతు తగ్గించి అడిగాడు. ఆయన పక్కనే నేనున్నాను కాబట్టి విన్నాను.

"అన్నా, నా ముద్ర వెనక్కి తీసుకుని నేను కూడా సంతకం పెట్టొచ్చా?"

"అయిపోయిందన్నా. పంపించేసినా."

"అడిగితే తప్పేముంది," అన్నాడు ఆయన.

డిసెంబరు 12, శుక్రవారం, ఆ కాగితం వెనక్కి వచ్చింది. 'వేలిముద్ర జతపరచలేదు' అన్నది కారణం. ఆ మాట నా కాగితంలో మేమే రాసి పంపాము కనుక, అది కారణం ఎలా అవుతుందని నేను తిరిగి రాశాను. తహసీల్దారు దాని కింద తన చేతిరాతతో రెండు వాక్యాలు చేర్చి మళ్ళీ పంపారు. ఆ వాక్యాలు ఏమిటో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. ఆ నాలుగు వారాలూ అమ్మ ప్రతి సాయంత్రం సమాధి పక్కన ఉన్న ఖాళీ చోట గడ్డి పీకింది. వస్తుందో రాదో అని ఒక్కసారీ అడగలేదు.

జనవరి 9, శుక్రవారం, ఉదయం పదకొండు గంటలకు మా కాలనీ జాబితాను గ్రామ సచివాలయం గోడకు అంటించారు. ఎండ, గాలి లేదు. అమ్మను ఆటోలో తీసుకెళ్ళాను. పన్నెండు సెంట్లు ఆమె పేరునే ఉన్నాయి. తన పేరు తనే కూడబలుక్కుని చదువుకుంది. తరువాత కాలనీలో ఎవరి పేరు ఎదుట ఏమి తీసుకున్నట్టు రాశారో చెప్పమంది. పై నుంచి కిందికి ఒకసారి, కింది నుంచి పైకి ఒకసారి లెక్క కట్టి చెప్పాను.

మొత్తం స్థలాలు ముప్పై ఒకటి. వేలిముద్రలు ఇరవై ఆరు. కంటిపాపలు నాలుగు. సంతకం ఒకటి.